ఇంట్లోనే సున్నిపిండి, కలబంద గుజ్జు, తేనెమైనం బామ్: చేసేముందు తెలుసుకోవాల్సిన మూడు మాటలు

ఈ రోజు ఎపిసోడ్‌లో మనం ఇంట్లో దొరికే సామాన్లతో చర్మానికి వాడుకునేవి మూడు చేసుకుందాం. ఒకటి సున్నిపిండి. రెండోది కలబంద గుజ్జు. మూడోది కాళ్ళ పగుళ్ళకి, పెదాలకి రాసుకునే తేనెమైనం బామ్. మూడూ తేలికే, కొత్తవాళ్ళు కూడా చేసేసుకోవచ్చు. కొలతలతో సహా చెప్తాను, పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి.

కానీ చేయడం మొదలుపెట్టే ముందు నేను చేసిన ఒక తప్పు మీతో చెప్పుకోవాలి. ఈ ఎపిసోడ్ అసలు అందుకే చేస్తున్నాను.

రెండేళ్ళ క్రితం మా చెల్లెలి కూతురికి నిశ్చితార్థం కుదిరింది. మే నెల. పది రోజుల ముందు ఆ పిల్ల ఫోన్ చేసి, "పెద్దమ్మా, ఫోటోల్లో ముఖం కాస్త నిగనిగలాడాలంటే ఏం రాసుకోవాలి?" అని అడిగింది. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏముందమ్మా, నిమ్మరసంలో తేనె కలిపి రాసుకో, పార్లర్ ఖర్చు కూడా ఉండదు" అనేశాను. ఎవరో చెప్తే విన్నది, ఎక్కడో చదివింది, అందరూ అనేదే కదా అని నేనూ అన్నాను.

ఆ పిల్ల పొద్దున్నే రాసుకుంది, పైపైన కడుక్కుంది, స్కూటీ వేసుకుని జాకెట్లు కుట్టే ఆయన దగ్గరికి, అక్కణ్ణుంచి గాజుల కొట్టుకి తిరిగింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడు సాయంత్రానికి మంట మొదలైంది. మూడో రోజుకి బుగ్గ మీద, దవడ కింద, మెడ మీద, అంటే రసం కారిన చోటల్లా, చారలు చారలుగా ఎర్రబడి నీటి బొబ్బలు లేచాయి. చర్మం డాక్టరు చూసీ చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "నిమ్మకాయ రాసుకుని ఎండలోకి వెళ్ళావా అమ్మా?" అని. బొబ్బలు వారంలో తగ్గాయి, కానీ వాటి చోట గోధుమరంగు మచ్చలు పడ్డాయి. అవి పూర్తిగా పోవడానికి నాలుగు నెలలు పట్టింది. నిశ్చితార్థం ఫోటోలన్నిట్లోనూ ఆ పిల్ల ముఖం ఒకవైపుకే తిప్పి ఉంటుంది. చూసినప్పుడల్లా నాకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే ఇంకా బాధ.

అసలు ఏం జరిగింది?

చాలామంది "ఆ పిల్లకి నిమ్మకాయ పడదేమో" అనుకుంటారు. అది ఎలర్జీ కాదండీ. ఎవరికైనా జరగొచ్చు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో ఉండే నూనెలో, ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. నీడలో ఉన్నంతసేపు అవి ఏమీ చెయ్యవు. వాటి మీద ఎండ పడినప్పుడు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు, అవి చర్మ కణాల్ని దెబ్బ తీస్తాయి. కాలిన గాయం లాగే అన్నమాట. దీనికి డాక్టర్లు పెట్టుకున్న పేరు ఫైటోఫోటోడెర్మటైటిస్. పేరు పెద్దదే గానీ అర్థం చిన్నది. మొక్క, వెలుతురు, చర్మం వాపు, అంతే. వెంటనే కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది కాబట్టి, నిమ్మకాయ వల్లే అని మనకి తట్టదు. మనం వాడే చిన్న నిమ్మకాయల్లో ఈ పదార్థాలు ఎక్కువే ఉంటాయి.

ఇంకొక విషయం పులుపు. పులుపుని, క్షారాన్ని కొలవడానికి పీహెచ్ అనే కొలత ఉంది కదా, చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నాం. ఏడు అంటే మంచినీళ్ళ లాగా, అటూ కాదు ఇటూ కాదు. ఏడు కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం. మన చర్మం పైపొర కొంచెం పులుపు వైపే ఉంటుంది, సుమారు 5 దగ్గర. ఆ కొద్ది పులుపే చర్మాన్ని సూక్ష్మక్రిముల నుంచి కాపాడుతుంది, తేమ పోకుండా చూస్తుంది. నిమ్మరసం 2 కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 5 కీ 2 కీ తేడా మూడే కదా అనుకోకండి. ఈ కొలతలో ఒక్కో అంకె దిగితే పులుపు పది రెట్లు పెరుగుతుంది. మూడు అంకెలంటే వెయ్యి రెట్లు. మరి వంటసోడా? అది 8 దాటి ఉంటుంది, అటువైపు దెబ్బ. మామూలు స్నానం సబ్బులు 9, 10 దాకా వెళ్తాయి. అందుకే సబ్బుతో ముఖం కడిగాక బిగుసుకుపోయినట్టు ఉంటుంది.

అప్పటి నుంచి నేను ఏ చిట్కా విన్నా మూడు మాటలు అడుగుతాను. నీళ్ళు, పులుపు, ఎండ. ఇందులో నీళ్ళున్నాయా? ఉంటే ఎన్నాళ్ళు నిలవుంటుంది? ఇందులో పులుపు గానీ క్షారం గానీ ఎక్కువుందా? ఇది రాసుకుని ఎండలోకి వెళ్తే ఏమవుతుంది? ఈ మూడూ గుర్తు పెట్టుకుంటే ఇక ఎవరు ఏ చిట్కా చెప్పినా మీరే తేల్చుకోవచ్చు. ఇప్పుడు మనం చేసుకునే మూడింటినీ ఈ మూడు మాటలతోనే చూద్దాం.

మొదటిది: సున్నిపిండి

మనకి ఇది కొత్త కాదు. భోగి నాడు, దీపావళి ముందు నరక చతుర్దశి నాడు, ఉగాదికి, ఒళ్ళంతా నువ్వుల నూనె పట్టించి సున్నిపిండితో రుద్ది తలంటు పోసేవాళ్ళు. పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేది కూడా దీనితోనే. పప్పుల పిండి చర్మం మీదున్న నూనెని, జిడ్డుని పీల్చుకుంటుంది. దానితోపాటు ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న మృతకణాలు కూడా లేచిపోతాయి. సబ్బులా క్షారం ఉండదు కాబట్టి చర్మం మరీ పొడిబారదు.

కొలతలు చెప్తాను. పెసలు అరకిలో, పచ్చి శనగపప్పు పావుకిలో, బియ్యం వంద గ్రాములు, ఎండు గులాబీ రేకులు యాభై గ్రాములు, గంధకచ్చూరాలు యాభై గ్రాములు, వట్టివేళ్ళు పాతిక గ్రాములు, కస్తూరి పసుపు పాతిక గ్రాములు. ఇంతే చాలు. చర్మం బాగా పొడిగా ఉండేవాళ్ళు బియ్యం మానేసి ఆ వంద గ్రాములు కూడా పెసలే వేసుకోండి. బియ్యప్పిండి కాస్త గరుగ్గా ఉంటుంది.

పసుపు విషయంలో ఒక మాట. పొడి కొనొద్దు, కొమ్ములు కొని పట్టించుకోండి. రంగు బాగా కనపడ్డానికి పసుపులో లెడ్ క్రోమేట్ లాంటి రంగులు కలిపిన సంగతులు బయటపడ్డాయి. సీసం అంటే పిల్లల మెదడుకి విషం. మన దగ్గర దుగ్గిరాలలో, నిజామాబాద్‌లో అంతంత పెద్ద పసుపు మార్కెట్లు ఉన్నాయి, కొమ్ములకి మనకి కరువా? కొమ్ము బాగా చూసుకుని తీసుకోండి. పైన మాత్రం మెరిసిపోతూ చేతికి రంగు అంటుకుంటుంటే దాన్ని పక్కన పెట్టేయండి.

ఇప్పుడు మన మూడో మాట, ఎండ. మూలికల కొట్టుకి వెళ్ళి "సున్నిపిండి సామాన్లు ఇవ్వండి" అంటే, చాలాచోట్ల పొట్లంలో బావంచాలు కూడా వేసి ఇస్తారు. చిన్నచిన్న నల్లటి గింజలు. మా అమ్మ కూడా వేసేది. వీటిని ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకి వాడతారు. ఎందుకు వాడతారో తెలుసా? ఇందులో సోరలెన్ అనే పదార్థం ఉంటుంది. నిమ్మకాయలో చెప్పుకున్నామే ఫ్యూరనోకౌమరిన్లు, ఆ కుటుంబమే ఇది. ఎండ తగిలితే చర్మం మీద పని చేస్తుంది. బొల్లికి డాక్టరు చూసి, మోతాదు చెప్పి, ఎంతసేపు ఎండలో ఉండాలో చెప్పి వాడిస్తారు. అది మందు అండీ. మందుని మనం ఒంటికి రుద్దుకునే పిండిలో అంచనా లేకుండా కలుపుకోవడం ఎందుకు? కడిగేస్తాం కదా అంటారు, నిజమే, కడిగేస్తే తక్కువే మిగులుతుంది. అయినా అది లేకపోతే సున్నిపిండికి వచ్చే లోటేమీ లేదు. నేను మానేశాను. మీరూ పొట్లం విప్పి చూసుకుని తీసేయండి. నిమ్మ తొక్కల పొడి కూడా అదే కారణంతో వద్దు.

సామానంతా రెండు రోజులు మంచి ఎండలో ఎండబెట్టండి. గులాబీ రేకులు చేత్తో నలిపితే పొడి అవ్వాలి. వట్టివేళ్ళని చిన్న ముక్కలుగా కత్తిరించండి, లేకపోతే మరలో చుట్టుకుంటాయి. కొంచెం చేసుకునేవాళ్ళు మిక్సీలో వేసుకోవచ్చు. పిండిమరకి ఇచ్చేవాళ్ళు మాత్రం ఒకటి తప్పకుండా అడగండి. "ఇందాక ఇందులో ఏం పట్టారు?" అని. కారం పట్టిన మరలో సున్నిపిండి పట్టించారా, ఇక ఆ స్నానం జీవితంలో మర్చిపోరు. ముందు గుప్పెడు బియ్యం వేయించి మర శుభ్రం చేయించి, తర్వాత మనది పట్టించుకోవాలి. ఇంటికి తెచ్చాక పల్చటి నూలుగుడ్డలో జల్లించండి. ముఖానికి మెత్తటి పిండి, పైన మిగిలిన గరుకు మోకాళ్ళకి, మోచేతులకి, పాదాలకి.

ఇక మొదటి మాట, నీళ్ళు. ఈ పిండిలో నీళ్ళు లేవు కాబట్టి గాజుసీసాలో, మూత గట్టిగా పెట్టుకుంటే మూడు నెలలు హాయిగా ఉంటుంది. కానీ బాత్రూమ్‌లో సీసా పెట్టుకుని తడిచేత్తో తీసుకుంటే వారం తిరక్కుండా ఉండలు కట్టి, బూజు వాసన వస్తుంది. పెద్ద సీసా వంటింట్లో ఉంచి, ఏ రోజుకారోజు రెండు చెంచాలు పొడి గిన్నెలోకి తీసుకెళ్ళండి. ముక్క వాసన వచ్చినా, రంగు మారినా, పురుగు కనిపించినా పారేయడమే. మళ్ళీ ఎండబెట్టేస్తే సరిపోతుందని అనుకోకండి.

వాడేటప్పుడు మామూలు చర్మానికి నీళ్ళు, పొడి చర్మానికి పాలు కలుపుకుని మెత్తగా పేస్ట్ చేసుకోండి. ఒంటికి రాసి, గుండ్రంగా నెమ్మదిగా రుద్ది, ఆరకముందే కడిగేయండి. ఆరి, బిగిసి, పెళుసుగా అయిపోయాక గోకి తీయకూడదు. అలా తీస్తే మృతకణాలే కాదు, బతికున్న చర్మం కూడా గీసుకుపోతుంది. వారానికి ఒకటి రెండు సార్లు చాలు. ఆ తర్వాత బాత్రూమ్ గొట్టంలో రెండు చెంబులు నీళ్ళు ఎక్కువ పోయండి, లేకపోతే పిండి పేరుకుపోయి ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది.

రెండోది: కలబంద గుజ్జు

కుండీలో కలబంద లేని ఇల్లు ఈ రోజుల్లో తక్కువే. ఎండకి కమిలిన చర్మానికి, షేవింగ్ తర్వాత మంటకి చల్లగా ఉంటుంది. చేసే పద్ధతిలో చాలామంది ఒక మెట్టు వదిలేస్తారు. ఆకు కోసిన వెంటనే చీల్చకండి. కోసిన వైపు కిందకి ఉండేలా ఒక గ్లాసులో నిలబెట్టి పదిహేను ఇరవై నిమిషాలు వదిలేయండి. పసుపుపచ్చటి పాలు కారతాయి. ఆ పాలు చర్మానికి దురద తెప్పిస్తాయి, కడుపులోకి వెళ్తే విరేచనాలు చేస్తాయి. "నాకు కలబంద పడదు" అనేవాళ్ళలో కొందరికి పడనిది గుజ్జు కాదు, ఈ పాలే. కారిపోయాక ఆకు కడిగి, అంచుల ముళ్ళు తీసేసి, పైతోలు చెక్కి, లోపలి గుజ్జు చెంచాతో తీసుకోండి. తెల్లగా, పారదర్శకంగా ఉన్నదే మనకి కావాల్సింది.

మళ్ళీ మొదటి మాట. కలబంద గుజ్జు దాదాపు అంతా నీళ్ళే. నీళ్ళున్న చోట సూక్ష్మక్రిములు పెరుగుతాయి, అది ఎంత సహజమైనదైనా సరే. కొట్లో కొన్న జెల్ ఏడాది ఎలా ఉంటుందంటే అందులో నిలవ ఉంచే పదార్థాలు కలుపుతారు కాబట్టి. మన ఇంటి గుజ్జులో అవి లేవు. ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు, బయట పెడితే ఆ పూటే. ఎక్కువ వచ్చిందనుకోండి, ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి, నెల రోజుల దాకా ఒక్కో ముక్క తీసి వాడుకోవచ్చు. ముక్కని నేరుగా ముఖానికి రుద్దకుండా గిన్నెలో కరగనిచ్చి రాసుకోండి.

ఇక్కడ నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, విటమిన్ ఈ క్యాప్సూల్ ఒకటి కొట్టి కలిపితే నిలవుంటుంది కదా?" అని. ఉండదండీ. విటమిన్ ఈ చేసే పని వేరు. నూనెలు గాలి తగిలి ముక్కిపోతాయి కదా, దాన్ని ఆలస్యం చేస్తుంది. సూక్ష్మక్రిముల్ని చంపదు. కలబందలో వేసినా, గులాబీ రేకులు మరిగించిన నీళ్ళలో వేసినా, అవి పాడయ్యేవి పాడవుతూనే ఉంటాయి. పైకి వాసన, రంగు మారకముందే లోపల క్రిములు పెరిగిపోయి ఉండొచ్చు. అవి మొటిమ చిదిపిన చోట గానీ, కంటి దగ్గర గానీ చేరితే చిట్కా కాస్తా జబ్బు అవుతుంది. అందుకే నా నియమం ఒక్కటే. తడిది ఏదైనా కూర లాంటిది. ఈ పూట చేసుకోవాలి, ఈ పూట వాడేయాలి.

మూడోది: తేనెమైనం బామ్

నాకు మూడింట్లో బాగా నచ్చింది ఇదే. ఇందులో ఒక్క నీటిబొట్టు లేదు, అందుకే చాలా రోజులు నిలవుంటుంది. కావాల్సినవి రెండే. కొబ్బరినూనె 80 గ్రాములు, తేనెమైనం 20 గ్రాములు. తేనెమైనం తేనెటీగలు పెంచేవాళ్ళ దగ్గర, కొన్ని ఖాదీ దుకాణాల్లో దొరుకుతుంది. కొవ్వొత్తుల మైనం కాదు, జాగ్రత్త. వాసన చూస్తే తేనెపట్టు గుర్తుకి రావాలి.

ఒక గిన్నెలో నీళ్ళు కాగబెట్టి, దాని మీద ఇంకో పొడి గిన్నె పెట్టి, తురిమిన మైనం, నూనె అందులో వేయండి. నేరుగా స్టవ్ మీద పెట్టకండి, మైనం అంటుకునే ప్రమాదం ఉంది. మైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మరిగే నీళ్ళ ఆవిరి చాలు. రెండూ కలిసిపోయాక దించి, ఎండలో బాగా ఆరబెట్టిన చిన్న సీసాల్లో పోసి, కదపకుండా వదిలేయండి. గంటలో గట్టిపడుతుంది. అంతే.

కొబ్బరినూనె 24, 25 డిగ్రీలకే కరిగిపోతుంది, చలికాలం గడ్డకట్టి వేసవిలో నీళ్ళలా ఉండేది అందుకే. మన ఊళ్ళలో ఎండాకాలం 40 దాటుతుంది కాబట్టి అప్పుడు మైనం పాతిక గ్రాములు, నూనె 75 గ్రాములు చేసుకోండి. పెదాలకి కూడా ఈ కొలతే బాగుంటుంది. రాత్రి పాదాలు కడుక్కుని, పూర్తిగా తుడవకుండా కొద్దిపాటి తడి ఉండగానే బామ్ రాసి, నూలు సాక్సులు వేసుకుని పడుకోండి. బామ్ కొత్తగా తేమ తేదు, ఉన్న తేమని పోనివ్వకుండా మూత వేస్తుంది. తడి మీద రాయమనేది అందుకే. మొటిమలు ఉన్నవాళ్ళు మాత్రం ముఖానికి రాయకండి, కొబ్బరినూనె కొందరికి రంధ్రాలు మూసేస్తుంది. ఇందులో కర్పూరం కలిపితే చల్లగా ఉంటుందని కొందరంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. కర్పూరం పసిపిల్లల ఒంట్లోకి చేరితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇంట్లో చేసుకోకూడనివి

ఒకటి సన్‌స్క్రీన్. జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి కొబ్బరినూనెలో కలిపితే సన్‌స్క్రీన్ అయిపోతుందని చూపిస్తుంటారు. ఆ పొడి అంతటా సమంగా పరుచుకోవాలి, ఎంత కాపాడుతుందో యంత్రాలతో కొలిచి చూడాలి. అది ఇంట్లో కుదరదు. రాసుకున్నామన్న ధైర్యంతో ఎండలో ఎక్కువసేపు ఉంటాం, అదీ ప్రమాదం. దీనికి మాత్రం కొన్నదే వాడండి, లేదంటే గొడుగు, చున్నీ, టోపీ. రెండు, వంటసోడా, టూత్‌పేస్ట్, వెల్లుల్లి ముఖానికి రుద్దే చిట్కాలు. వెల్లుల్లి చర్మాన్ని కాల్చేస్తుంది, నిజంగానే. మూడు, గుండ్రంగా అంచులు ఎర్రబడి దురద పెట్టే మచ్చలకి ఇంటి వైద్యం. అది తామర అయ్యుండొచ్చు. దానికి సున్నిపిండీ కాదు, మందుల షాపులో చేతికిచ్చే స్టెరాయిడ్ క్రీమూ కాదు, డాక్టరే చూడాలి.

పసిపిల్లల సంగతి

ఇది అమ్మమ్మలు, నాయనమ్మలు కొంచెం ఓపిగ్గా వినాలి. పుట్టిన పిల్లకి ఒంటి మీద నూగు ఉందని శనగపిండి ముద్దతో రుద్దడం మన ఇళ్ళలో ఉంది. ఆ నూగు రుద్దకపోయినా కొన్ని వారాల్లో, మహా అయితే కొన్ని నెలల్లో దానంతట అదే రాలిపోతుంది. రుద్దితే పోయేది నూగు కాదు, పిల్ల చర్మం పైపొర. పసివాళ్ళ చర్మం మనకంటే పల్చగా ఉంటుంది.

ఇంకో కారణం ఉంది. చర్మం చిట్లి, గజ్జి తామరలా పొక్కి ఉన్న పిల్లలకి తిండి గింజల పిండి రుద్దితే, ఒళ్ళు ఆ తిండినే శత్రువు అనుకోవడం మొదలుపెట్టొచ్చు. నోటి ద్వారా వెళ్తే తిండి, గాయం ద్వారా వెళ్తే దొంగ, శరీరానికి లెక్క అదీ. పెద్దవాళ్ళకే ఇలా జరిగింది. జపాన్‌లో గోధుమ ప్రోటీన్ కలిపిన ఒక ముఖం సబ్బు వాడిన రెండువేల మందికి పైగా గోధుమ ఎలర్జీ వచ్చింది. రొట్టె తిన్నా ఒళ్ళంతా దద్దుర్లు, కొందరికి ఊపిరాడకపోవడం. 2011లో ఆ సబ్బుని వెనక్కి పిలిపించారు. అందుకే చర్మం పొక్కి ఉన్నవాళ్ళు, చిన్నవాళ్ళైనా పెద్దవాళ్ళైనా, పిండ్ల జోలికి వెళ్ళకండి. పసివాళ్ళకి గోరువెచ్చటి నీళ్ళ స్నానం, డాక్టరు చెప్పిన నూనె, మీ చేతి మెత్తదనం చాలు.

మొదటిసారి వాడేముందు

ఏదైనా సరే, ముఖానికి వెళ్ళేముందు మోచేతి మడత లోపలి వైపు రూపాయి బిళ్ళంత చోట రాసి చూడండి. రోజుకి రెండుసార్లు, వారం నుంచి పది రోజులు. కడిగేసేదైతే మామూలుగా ఎంతసేపు ఉంచుతారో అంతసేపు ఉంచి కడిగేయండి. దురద, మంట, ఎరుపు ఏది వచ్చినా అక్కడితో ఆపేయండి. "మండుతోందంటే పని చేస్తోందన్నమాట" అని ఎవరైనా అంటే నమ్మకండి. మండుతోందంటే చర్మం వద్దు మొర్రో అంటోందని అర్థం. పదిరోజులు ఎవరు ఆగుతారు అంటారేమో. మా పిల్లకి కూడా నిశ్చితార్థం పదిరోజుల్లోనే ఉంది. నిజానికి పెళ్ళి, ఫంక్షన్ ముందు పదిహేను రోజుల్లో కొత్తది ఏదీ మొదలుపెట్టకపోవడమే మంచిది.

చివరగా, ఎక్కువమంది అడిగేది, పైకి అడగలేక మెసేజ్‌లో అడిగేది. "ఇది వాడితే తెల్లబడతామా?" అని. తెల్లబడరండీ. చర్మం రంగు లోపల తయారయ్యే మెలనిన్‌ని బట్టి ఉంటుంది. ఏ పిండీ, ఏ రసమూ దాన్ని మార్చదు. సున్నిపిండి మురికి, జిడ్డు తీస్తుంది, మీ రంగు మీకు శుభ్రంగా కనిపిస్తుంది, అంతవరకే. ఆ మెలనినే మనల్ని ఎండ నుంచి కొంతవరకు కాపాడుతోంది. నేను ఆ రోజు ఆ పిల్లకి నిమ్మకాయ చెప్పడంలో కూడా ఈ తెల్లబడాలన్న ఆశే ఎక్కడో ఉంది. "నువ్వు ఉన్నట్టే బాగున్నావమ్మా, నిద్ర బాగా పో, నీళ్ళు తాగు" అని ఉంటే సరిపోయేది.

పెళ్ళికి నలుగు పిండి నేనే చేసి పట్టుకెళ్ళాను. బావంచాలు లేకుండా, గుడ్డలో జల్లించి. సీసా మూత తీసి వాసన చూసి, మా పిల్ల నా వైపు చూసి నవ్వింది. "పెద్దమ్మా, ఇందులో నిమ్మకాయ లేదు కదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సరే అండీ, ఒక్కసారి మళ్ళీ చెప్పుకుందాం. నీళ్ళు, పులుపు, ఎండ. తడిదైతే ఆ పూటే వాడేయండి. నాలుక మీద చురుక్కుమనే పులుపు ముఖానికి వద్దు. నిమ్మజాతి ఏదైనా చేతికి తగిలితే, షర్బత్ పిండినా సరే, సబ్బుతో కడుక్కునే ఎండలోకి వెళ్ళండి. మీ ఇంట్లో సున్నిపిండిలో ఏమేం వేస్తారో, మీ అమ్మగారు, అత్తగారు చెప్పిన పాళ్ళేమిటో నాకు రాయండి. నేను చేసిన పొరపాటు లాంటిది మీరూ చేసి ఉంటే అదీ రాయండి, మొహమాటపడకండి, ఇంకొకళ్ళు తప్పించుకుంటారు. వచ్చే ఎపిసోడ్‌లో కుంకుడుకాయ, శీకాయ గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు, నమస్కారం.